సంపు మోటారు నీళ్లు ఎక్కించకపోతే: లోపం ఎక్కడుందో వరుసగా వెతికే పద్ధతి

హైదరాబాదులో చాలా ప్రాంతాలకు నల్లా నీళ్లు రోజు విడిచి రోజు, అదీ కొద్దిసేపే వస్తాయి కాబట్టి, వచ్చిన నీటిని ముందు సంపులో నింపుకుని, అక్కడి నుంచి మోటారుతో మిద్దె మీది ట్యాంకుకు ఎక్కించుకోక తప్పదు. మంజీరా నీరైనా, కృష్ణా, గోదావరి నీరైనా, ఎండాకాలంలో డబ్బు పోసి తెప్పించుకున్న ట్యాంకరు నీరైనా వంటింటి దాకా రావాలంటే ఆ ఒక్క మోటారు గుండానే రావాలి. అది మొరాయించిన పొద్దున కంగారుపడి చాలామంది స్విచ్చును మళ్లీ మళ్లీ వేసి చూస్తారు. వంద, రెండు వందల రూపాయల సామానుతో తీరిపోయే లోపాన్ని వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్టలు) కాలిపోయేదాకా తీసుకువెళ్లేది ఆ అలవాటే. నీళ్లు ఎక్కకపోవడానికి కారణం చాలాసార్లు మోటారులో కాకుండా, మోటారుకూ సంపు నీటికీ మధ్యనున్న నాలుగడుగుల పైపులో ఉంటుంది. అందువల్ల మెకానిక్కుకు ఫోను చేసే ముందు ఒక క్రమంలో వెతికితే లోపం ఎక్కడ ఉందో మీకే తెలుస్తుంది; సగం లోపాలను మీరే సరిచేసుకోగలుగుతారు.

మోటారును ముట్టుకునే ముందు

స్విచ్ ఆపితే సరిపోదు. పాత ఇళ్ల వైరింగులో స్విచ్చును ఫేజుకు బదులు న్యూట్రల్ తీగకు కలిపిన సందర్భాలు ఉంటాయి. అప్పుడు స్విచ్ ఆపినా మోటారు దాకా కరెంటు ఉంటుంది. మోటారుకు సంబంధించిన ఎంసీబీని (కరెంటు ఎక్కువైతే దానంతట అదే పడిపోయే స్విచ్చును) కిందికి దించి, ప్లగ్గు ఉంటే దాన్ని కూడా ఊడదీసి, ఆపై టెస్టరుతో మోటారు ఒంటిని తాకి చూసిన తరువాతే చేయి పెట్టండి. కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండాలి, నిలబడే చోట తడి ఉండకూడదు. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు దారి తప్పి లీకైతే వెంటనే లైను తెంచే బ్రేకరు) లేకపోతే, మోటారు లైనుకైనా ఒకటి పెట్టించండి. నీళ్లూ కరెంటూ ఇంత దగ్గరగా ఉండే చోటు ఇంట్లో ఇంకొకటి లేదు కాబట్టి ఈ ఖర్చును వాయిదా వేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

మొదట శబ్దం వినండి

స్విచ్ ఒక్కసారి వేసి, మూడు నాలుగు సెకన్లు విని, ఆపేయండి. ఏ చప్పుడూ లేకపోతే లోపం కరెంటు దారిలో ఉంది. గుయ్‌మని మూలుగుతూ తిరగకపోతే మోటారు తిరగడం మొదలుపెట్టేందుకు తోడ్పడే కండెన్సర్ పోయి ఉండాలి, లేదా లోపల పట్టేసి ఉండాలి. మామూలుగానే తిరుగుతున్నా నీళ్లు రాకపోతే సంపు వైపు చూడాలి. ఈ మూడింటిలో మీది ఏదో తేలితే వెతకవలసిన చోటు మూడో వంతుకు తగ్గిపోతుంది.

చప్పుడే లేనప్పుడు ఎంసీబీ పడిపోయిందేమో, ప్లగ్ పాయింటులో తీగ వదులై నల్లబడిందేమో చూడండి. ఆటోమేటిక్ కంట్రోలర్ ఉన్న ఇళ్లలో దాన్ని మాన్యువల్‌కు మార్చి చూడాలి. అప్పుడు మోటారు తిరిగితే లోపం కంట్రోలరులోనో, సెన్సార్లలోనో ఉన్నట్టు. అయితే మాన్యువల్‌కు మార్చే ముందు సంపు మూత తీసి నీళ్లున్నాయో లేదో తప్పకుండా చూడండి, ఎందుకంటే సంపు అడుగంటినప్పుడు మోటారును ఆపి ఉంచడమే ఆ కంట్రోలర్ పని, దాన్ని లోపమనుకుని పక్కకు తప్పిస్తే నీళ్లు లేని పంపును తిప్పినట్టవుతుంది. నీళ్లున్నా లేవని చూపిస్తుంటే సెన్సారు కడ్డీలకు బోరు నీటి తెల్లటి ఉప్పు పేరుకుని ఉంటుంది. కరెంటు ఆపి, నిమ్మరసంలోనో వెనిగరులోనో తడిపిన గుడ్డతో తుడిస్తే పోతుంది. మోటారు ఒళ్లు చేయి పెట్టలేనంత వేడిగా ఉండి ఆగిపోతే, లోపలి థర్మల్ రక్షణ పని చేసిందని అర్థం. చల్లారాక దానంతట అదే తిరగడం మొదలుపెట్టవచ్చు కాబట్టి ఎంసీబీ దించే ఉంచి, అంత వేడి ఎందుకెక్కిందో వెతకండి.

మూలుగుతూ తిరగకపోతే

ఈ శబ్దం వస్తుండగా స్విచ్ అలాగే ఉంచడమంత ప్రమాదం మోటారుకు ఇంకొకటి లేదు. తిరగని మోటారు మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, ఆ వేడికి వైండింగ్ మీది వార్నిషు కొద్ది నిమిషాల్లోనే మాడిపోతుంది. వెంటనే ఆపండి.

దసరాకో సంక్రాంతికో ఊరికి పోయి వారం పది రోజుల తరువాత తిరిగొచ్చిన ఇళ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. అర హెచ్‌పీ చిన్న మోటార్లలో నీటిని విసిరే రెక్కల చక్రమైన ఇత్తడి ఇంపెల్లరుకూ దాని చుట్టూ ఉన్న ఇనుప గోడకూ మధ్య సందు చాలా సన్నగా ఉంటుంది. కదలిక లేని రోజుల్లో అక్కడ తుప్పు పట్టి రెండూ అతుక్కుపోతాయి. కరెంటు పూర్తిగా తీసేసి, వెనక ఫ్యాను మూత స్క్రూలు విప్పి, ఫ్యానును చేత్తో తిప్పి చూడండి. చాలా మోటార్లలో షాఫ్టు వెనక కొనకు స్క్రూడ్రైవరు పెట్టేందుకు గాడి ఉంటుంది. దాన్ని అటూ ఇటూ కొద్దికొద్దిగా కదిలిస్తే మొదట బిగుతుగా, తరువాత గరగరమంటూ, చివరికి తేలికగా వదులుతుంది. బలవంతంగా సుత్తితో కొట్టవద్దు. ఎంతకీ కదలకపోతే పంపు ముందు భాగం విప్పి తుప్పు గీకవలసిందే, అది మెకానిక్కు చేయవలసిన పని. ఊరికి పోయేముందు పక్కింటివారికో వాచ్‌మన్‌కో చెప్పి రెండు రోజులకొకసారి రెండు నిమిషాలు మోటారు వేయించుకుంటే ఈ బాధే ఉండదు.

ఫ్యాను చేత్తో తేలికగా తిరుగుతూ, కరెంటు ఇస్తే మాత్రం మూలుగుతుంటే కండెన్సర్‌ను అనుమానించాలి. అది ఉబ్బి ఉన్నా, నూనె కారి ఉన్నా మార్చక తప్పదు. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద రాసి ఉన్న మైక్రోఫారడ్ల సంఖ్యనే అడగండి. దుకాణంలో ఆ సంఖ్య లేదని దగ్గరలోది ఇస్తే తీసుకోవద్దు, ఎక్కువైతే వేడెక్కుతుంది, తక్కువైతే బరువు లాగలేదు. కండెన్సర్ మీద రాసిన వోల్టేజీ 440 ఉండాలి. కరెంటు తీసేసిన తరువాత కూడా కండెన్సర్‌లో విద్యుత్తు నిలిచి ఉంటుంది కనుక దాని కొనలను ముట్టుకోవద్దు. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియనుతోనే చేయించండి. కరెంటు ఇచ్చి ఉంచి ఫ్యానును చేత్తో తిప్పి మోటారును లేపే నాటు పద్ధతి వేళ్లు పోగొట్టుకోవడానికి దారి.

ఎండాకాలం సాయంత్రాలలో మూలిగి, తెల్లవారుజామున చక్కగా తిరుగుతుంటే లోపం మోటారుది కాదు, లో వోల్టేజీది. చాలా ఇంటి మోటార్ల పలక మీద 180 నుంచి 240 వోల్టులని రాసి ఉంటుంది. మీ మోటారు పలక మీద రాసిన కనీస వోల్టేజీ కన్నా తక్కువ ఉన్నప్పుడు నడపవద్దు.

తిరుగుతోంది, నీళ్లు రావడం లేదు

మన ఇళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది ఇదే కాబట్టి దీన్ని నిదానంగా చూద్దాం. సంపు బయట నేల మీద కూర్చునే, మోటారూ పంపూ ఒకే దిమ్మెగా ఉండే మోనోబ్లాక్ పంపు నీటిని తాడు కట్టి లాగినట్టు లాగదు. పంపు తన లోపల ఉన్న నీటిని బయటకు విసరడంతో అక్కడ పీడనం తగ్గుతుంది, అప్పుడు సంపు నీటి మీద ఉన్న గాలి బరువు ఆ నీటిని పైపులోకి నెడుతుంది. పంపు నిండా నీళ్లు లేకుండా గాలి ఉంటే, ఇంపెల్లరు ఆ గాలినే చిలుకుతూ ఉంటుంది తప్ప పీడనం తగ్గించలేదు. కాబట్టి మీరు వెతకవలసిన ప్రశ్న ఒక్కటే: పంపులోకి గాలి ఎలా వస్తోంది?

మొదట సంపు మూత తీసి నీటి మట్టం చూడండి. సంపు నుంచి పంపుకు నీరు తెచ్చే సక్షన్ పైపు అడుగున, నీరు తిరిగి సంపులోకి దిగిపోకుండా ఆపే ఫుట్ వాల్వు ఉంటుంది; దాని మీద కనీసం ఒక అడుగు నీరు నిలవాలి. అంతకన్నా తగ్గితే నీటి మీద సుడి ఏర్పడి, దాని గుండా గాలి పైపులోకి పోతుంది. అలాగని ఫుట్ వాల్వును సంపు అడుగుకు ఆనించకూడదు. ట్యాంకరు నీటితో వచ్చే ఇసుక, ఒండ్రు అక్కడే పేరుకుంటాయి కనుక అడుగు నుంచి అర అడుగైనా ఎత్తులో వేలాడాలి.

నీళ్లు చాలినన్ని ఉంటే తరువాతి పరీక్ష ప్రైమింగ్ ప్లగ్ దగ్గర, అంటే పంపులో నీళ్లు పోసి నింపే (ప్రైమింగ్) రంధ్రపు బిరడా దగ్గర. కరెంటు తీసేసి, పైకి పోయే పైపుకున్న గేటు వాల్వు మూసి, పంపు నెత్తి మీది ప్లగ్గును స్పానరుతో మెల్లగా విప్పండి. పూర్తిగా తీసి, బకెట్టులో మంచి నీళ్లు పెట్టుకుని చెంబుతో సన్నగా పోయండి. మొదట గుటక వేసినట్టు బుడగలు పైకి వస్తాయి. అవి ఆగి, నీరు అంచు దాకా వచ్చి నిలవాలి. నిలిచిన నీటినే పది నిమిషాల పాటు చూస్తూ ఉండండి. మట్టం కదలకపోతే ఫుట్ వాల్వు బాగున్నట్టు. కళ్ల ముందే కిందికి జారిపోతే, ఎంత పోసినా నిండకపోతే, ఫుట్ వాల్వు కారుతోంది లేదా సక్షన్ పైపుకు చిల్లు ఉంది.

ఫుట్ వాల్వును చూడాలంటే పంపు దగ్గరి యూనియన్ (పైపును విడదీసేందుకు వీలుగా ఉండే జాయింటు) విప్పి, సక్షన్ పైపును సంపు మూత గుండా నిలువుగా పైకి తీయాలి. తడి పైపు బరువుగా ఉంటుంది, ఇంకొకరి సాయం తీసుకోండి. వాల్వు జల్లెడకు పట్టిన నాచునూ, ప్లాస్టిక్ కవరు ముక్కలనూ తీసేసి, దాన్ని విప్పి లోపలి రబ్బరు వాషరును వెలుతురులో చూడండి. దాని అంచున ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా, గోరుతో తడిమితే తెలిసేంత చిన్న గంటు పడినా, ఆ సందు చాలు రాత్రంతా నీరు దిగిపోవడానికి. కడిగి బిగించి, పైపును నిలబెట్టి పై నుంచి నీళ్లు పోస్తే ఒక్క చుక్క కూడా కింద రాలకూడదు. రాలితే వాషరు మార్చండి. వాషరు విడిగా దొరకని రకమైతే అదే సైజు కొత్త వాల్వు తెచ్చుకోండి. ప్లాస్టిక్‌ది చౌక, ఇత్తడిది కొంచెం ధర ఎక్కువ. ఇసుక నీళ్లు వచ్చే ఇళ్లకు ఇత్తడిదే నిలుస్తుందని నా అభిప్రాయం.

ఫుట్ వాల్వు బాగుండి, నీళ్లు పోసినప్పుడు నిలిచి, ప్లగ్గు బిగించి గేటు వాల్వు తెరిచి మోటారు వేయగానే కాసేపు వచ్చి ఆగిపోతుంటే సక్షన్ జాయింట్లలో గాలి పీలుస్తోంది. ఈ లీకు కంటికి కనబడదు. పైకి పోయే పైపులో సందు ఉంటే నీరు బయటికి చిమ్ముతుంది, సక్షన్ పైపులో సందు ఉంటే గాలి లోపలికి పోతుంది, బయట మాత్రం పొడిగానే ఉంటుంది. చాలామంది మెకానిక్కులు సైతం ఇక్కడే పొరబడి పంపు విప్పేస్తారు. మోటారు నడుస్తుండగా, కరెంటు భాగాలకు దూరంగా, పైపు జాయింట్ల మీద ఒక్కొక్కచోట చిక్కటి సబ్బు నురగ పూయండి. ఏ జాయింటు దగ్గర నురగ లోపలికి లాక్కుపోతుందో, పూయగానే పంపు గరగర ఎక్కడ తగ్గుతుందో, అదే లోపమున్న చోటు. యూనియన్‌లోని రబ్బరు ప్యాకింగ్ ఎండి పగిలి ఉంటే మార్చండి, మరలకు టెఫ్లాన్ టేపు బిగుతు దిశలోనే పది చుట్లు చుట్టి మళ్లీ బిగించండి. ప్రైమింగ్ ప్లగ్ వాషరును కూడా మరచిపోవద్దు.

పైపు వేసిన తీరులోనే తప్పు ఉంటే ఎన్ని వాషర్లు మార్చినా ఇబ్బంది తిరిగి వస్తుంది. సంపు నుంచి పంపు దాకా సక్షన్ పైపు ఎక్కడా వంపు తిరిగి పైకి లేచి దిగకూడదు, ఆ గూనిలో గాలి చేరుతుంది. పంపు వైపు కొద్దిగా ఎత్తుగా సాగాలి. పంపు నోటి సైజు కన్నా సన్నని పైపు వాడకూడదు. పంపును మొదటి అంతస్తులోనో మెట్ల మలుపులోనో పెట్టించాలనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: సముద్ర మట్టానికి అర కిలోమీటరుకు పైగా ఎత్తున ఉన్న ఈ నగరంలో గాలి బరువు నీటిని లెక్క ప్రకారం పది మీటర్లకు కొంచెం తక్కువగానే లేపగలదు, ఆచరణలో ఆరేడు మీటర్లు దాటితే పంపు పట్టు తప్పుతుంది. సంపు పక్కనే, నేల మీదే పెట్టడం మంచిది.

నీళ్లు సన్నగా వస్తుంటే

మోటారు బాగున్న రోజుల్లోనే ట్యాంకు ఎన్ని నిమిషాల్లో నిండుతుందో గోడ మీద రాసి పెట్టుకోండి. నలభై నిమిషాల్లో నిండేది గంటకు పైగా తీసుకుంటే లోపం మొదలైందని ముందే తెలుస్తుంది. ఒక హెచ్‌పీ మోటారు గంటకు సుమారు ఒక యూనిట్ కరెంటు తీసుకుంటుంది కాబట్టి, రోజూ అరగంట అదనంగా నడిస్తే నెలకు పదిహేను యూనిట్లు వృథా అయినట్టే. ఫుట్ వాల్వు జల్లెడ మూసుకుపోవడం, గేటు వాల్వు సగమే తెరుచుకోవడం, ట్యాంకు దగ్గరి బాల్ వాల్వు పట్టేయడం సులువుగా చూసుకోగలిగినవి. అవేవీ కాకపోతే ఇంపెల్లరు అరిగిపోయి ఉంటుంది, లేదా బోరు నీటి ఉప్పు దాని రెక్కల మధ్య గట్టిపడి ఉంటుంది.

నల్లా పైపుకే నేరుగా మోటారు బిగించి లాగడం దీనికి పరిష్కారం కాదు. నగరానికి నీటిని సరఫరా చేసే జలమండలి దాన్ని నిషేధించింది, పట్టుబడితే మోటారు జప్తు అవుతుంది, జరిమానా పడుతుంది. అంతకన్నా ముఖ్యంగా, అలా లాగినప్పుడు లైనులో పీడనం పడిపోయి, పైపు పగుళ్ల గుండా పక్కనున్న మురుగు తాగునీటిలోకి వస్తుంది. అది వీధి మొత్తానికి ముప్పు.

కారడం, చప్పుడు, షాక్

మోటారుకూ పంపుకూ మధ్యనున్న సందులో నుంచి చుక్కలు పడుతుంటే వాటర్ సీల్ అరిగిందని అర్థం. చుక్కలే కదా అని వదిలేస్తే ఆ నీరు షాఫ్టు వెంట పోయి బేరింగును తుప్పు పట్టిస్తుంది, తరువాత వైండింగుకు చేరుతుంది. సీలు మార్చేటప్పుడే బేరింగులూ చూపించండి. కీచుమని శబ్దం ఉంటే అవీ మార్పించండి.

స్విచ్ వేయగానే ఎంసీబీ పడిపోతే షార్టు, కొన్ని నిమిషాలకు పడిపోతే బరువు ఎక్కువ కావడం, ఆర్‌సీసీబీ పడిపోతే కరెంటు మోటారు ఒంటికి చేరడం కారణం. చివరిది వానాకాలంలో టెర్మినల్ పెట్టెలోకి తేమ చేరినప్పుడు వస్తుంది. పడిపోయిన ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా తీగ కలిపి నడిపించమని ఎవరు చెప్పినా వినవద్దు. ట్యాంకు నల్లా తిప్పుతుంటే చేతికి జిల్లుమన్నా సరే, వెంటనే మోటారు లైను ఆపి ఎర్తింగ్ పరీక్ష చేయించండి.

మోటారే సంపు లోపల ఉన్న ఇళ్లలో

నీటిలో మునిగి ఉండే ఓపెన్‌వెల్ సబ్‌మెర్సిబుల్ పంపులకు ప్రైమింగ్, ఫుట్ వాల్వు బాధలు లేవు. అయితే మోటారు చల్లబడేది చుట్టూ ఉన్న నీటితోనే కాబట్టి మట్టం తగ్గి బయటపడితే కాలిపోతుంది. వీటికి నీటి మట్టాన్ని బట్టి ఆపే కంట్రోలర్ తప్పనిసరి. పైకి తీసేటప్పుడు కేబులు పట్టి లాగకూడదు, నైలాను తాడు కట్టి ఉంచుకోవాలి. కేబులు పైపొర చిట్లితే సంపు నీరంతా కరెంటు పారవచ్చు. అందుకే మోటారు లైను ఎంసీబీ దించకుండా, ప్లగ్గు ఊడదీయకుండా సంపులో చేయి కూడా పెట్టవద్దు.

సంపు కడగడానికి మనిషి దిగవలసి వస్తే మూత కొన్ని గంటల ముందే తెరిచి ఉంచి, పైన ఇద్దరు కనిపెట్టుకుని ఉండాలి. మూసి ఉన్న సంపులో ప్రాణవాయువు చాలకపోవచ్చు. దిగినవారు సొమ్మసిల్లితే వారి వెనకే దూకడం వల్ల రెండో ప్రాణమూ పోతుంది. లోపల పెట్రోలు, డీజిలు ఇంజన్లు ఎప్పుడూ నడపకూడదు. పని అయ్యాక మూతకు తాళం వేయండి, ఇంట్లో చిన్న పిల్లలుంటే మరీ.

వానలో మునిగిన మోటారు

2020 అక్టోబరు వరదల్లో నగరంలోని ఎన్నో సెల్లార్లు నిండి మోటార్లు బురద నీటిలో మునిగాయి. అటువంటి మోటారు పైకి పొడిగా కనిపించినా కరెంటు ఇవ్వవద్దు. విప్పి, మంచి నీటితో కడిగి, వైండింగును పూర్తిగా ఆరబెట్టి, మెగ్గరు అనే పరికరంతో ఇన్సులేషన్ (తీగల నుంచి కరెంటు బయటికి పోకుండా ఆపే శక్తి) కొలిపించాలి; ఒక మెగాఓమ్ కన్నా తక్కువ చూపిస్తే ఇంకా తడి ఉన్నట్టే. సంపులోకి వరద నీరు చేరితే దాన్ని మొత్తం తోడేసి కడిగిన తరువాతే ట్యాంకుకు ఎక్కించండి. సెల్లారు నీటిని బయటికి తోడే పంపు ఉన్న అపార్టుమెంట్లవారు జూన్ రాకముందే గుంతలో నాలుగు బకెట్ల నీళ్లు పోసి, ఫ్లోటు లేచి పంపు దానంతట అది తిరుగుతుందో లేదో చూసుకోవాలి.

మెకానిక్కును పిలిచినప్పుడు

పైన చెప్పినవన్నీ చూశాక కూడా తీరకపోతే, మీరు విన్న శబ్దం, ప్రైమింగ్ నీరు నిలిచిందా లేదా, వోల్టేజీ ఎంత, ఏ బ్రేకరు పడిపోయింది అన్న నాలుగు సంగతులు ఫోనులోనే చెప్పండి. కావలసిన సామాను ఆయన వెంట తెచ్చుకుంటాడు. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి. వైండింగ్ కాలిందంటే విప్పి చూపించమనండి, మాడిన వాసన, నల్లబడిన తీగలు ఎవరికైనా తెలుస్తాయి. రీవైండింగ్ చేయిస్తే రాగి తీగే వేయించాలి. అర హెచ్‌పీ మోటారుకు రీవైండింగ్, సీలు, బేరింగులు కలిపి కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తది కొనడమే మేలు. రాణిగంజ్‌లోనో ట్రూప్ బజార్‌లోనో కొనేటప్పుడు ఇలాంటి పంపుల భారతీయ ప్రమాణమైన ఐఎస్ 9079 గుర్తు చూసి, మీ ట్యాంకు ఎంత ఎత్తున ఉందో దుకాణదారుకు చెప్పండి. పలక మీద రాసిన హెడ్ (పంపు నీటిని ఎంత ఎత్తుకు లేపగలదో చెప్పే సంఖ్య) మీ ట్యాంకు ఎత్తు కన్నా కొంత ఎక్కువ ఉంటే చాలు. అవసరానికి మించిన హెచ్‌పీ తీసుకుంటే సంపు త్వరగా ఖాళీ అవుతుంది, బిల్లు పెరుగుతుంది. బిల్లు మీద మోటారు సీరియల్ నంబరు రాయించుకుని, కాగితాన్ని ఎంసీబీ పెట్టె తలుపుకు లోపలి వైపు అంటించి ఉంచండి.